ఇందులో ఏముంది అని అడిగే ముందు ఇంకాసేపు నిలబడండి

అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ ముందు, అంటే మనిషీ చెట్టూ లాంటి బొమ్మేమీ లేకుండా ఉత్త రంగులూ గీతలూ ఉన్నదాని ముందు, నిలబడ్డవాళ్ళు దాదాపు అందరూ అడిగేది ఒకటే, "దీని అర్థం ఏంటి?" అని. అదే కాన్సెప్చువల్ ఆర్ట్ ముందు, అంటే ఒక కుర్చీనో ఒక చాక్లెట్ల కుప్పనో పెట్టి ఇదే ఆర్ట్ అన్నప్పుడు, అడిగేది "ఇందులో చూడ్డానికి ఏముంది?" అని. నాకేమనిపిస్తుందంటే రెండూ మంచి ప్రశ్నలే గానీ అటుదిటు ఇటుదటు అయిపోయాయి. మొదటిదాని ముందు అర్థం సంగతి పక్కనబెట్టి చూడాలి, చూస్తూనే ఉండాలి. రెండోదాని ముందు కళ్ళు ఒక్కటే సరిపోవు, ఎవరు ఎప్పుడు ఎందుకు ఏ షరతుల మీద పెట్టారో తెలుసుకోవాలి, అర్థం అడగాల్సింది అక్కడ. మనం రివర్స్ లో చేస్తాం. అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్ రోత్కో రంగుల్లో కథ వెతుకుతాం, డుషాంప్ ఆర్ట్ అని పెట్టిన యూరినల్ లో అందం వెతుకుతాం, రెండు చోట్లా ఏమీ దొరక్క "ఇదంతా బోగస్ రా బాబూ" అనుకుంటూ బయటికి నడుస్తాం.

కొన్ని బోగస్ వి కూడా ఉంటాయి, అది తర్వాత మాట్లాడదాం.

ముందు టైం సంగతి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో పెయింటింగ్ ముందు ఎంతసేపు నిలబడుతున్నారో కొలిచిన స్టడీ ఒకటి 2001లో వచ్చింది. వాళ్ళు కొలిచింది రెంబ్రాంట్ లాంటి మహామహుల పెయింటింగ్స్ ముందు. సగటు 27 సెకన్లు. అది కూడా కొద్దిమంది చాలాసేపు నిలబడబట్టి పెరిగిన సగటు, మీడియన్ చూస్తే 17 సెకన్లే, అంటే సగం మంది ఆ లోపే పక్కదానికి జరిగిపోయారు, లేబుల్ చదివే టైంతో కలిపి. రెంబ్రాంట్ దగ్గరైతే 17 సెకన్లలో కనీసం ఒక మొహం, ఒక చెయ్యి, మెడలో గొలుసు మీద మెరుపు, ఏదో ఒకటి దక్కుతుంది. బొమ్మలో మనిషే లేనప్పుడు, చెట్టూ పుట్టా కూడా లేనప్పుడు, 17 సెకన్లలో దక్కేది మన చిరాకు మాత్రమే.

దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ ఆడ్ రైన్‌హార్ట్ నల్ల పెయింటింగ్స్. 1960 నుంచి దాదాపు చనిపోయేదాకా (1967లో పోయాడు) ఈయన ఒకే సైజులో, ఐదడుగుల చదరం, ఒకదాని తర్వాత ఒకటి నల్లటి పెయింటింగ్స్ వేస్తూ పోయాడు. గదిలోకి అడుగుపెట్టగానే కనిపించేది నల్ల చదరం, అంతే, ఇంకేం లేదు. ఫోన్ లో ఫొటో తీసినా అంతే, నల్ల చదరం. ఇప్పుడు అక్కడే ఆగండి. ఒక నిమిషం ఏమీ ఉండదు, మీకు మీ మీదే డౌట్ వస్తుంది, పక్కన వాళ్ళు చూస్తున్నారేమో అని సిగ్గు కూడా వేస్తుంది. కాసేపటికి ఆ నలుపుకి కన్ను అలవాటు పడ్డాక మధ్యలో ఒక అడ్డపట్టీ ఉన్నట్టు అనుమానం, తర్వాత నిలువుపట్టీ, అప్పుడు అర్థమవుతుంది అది ఒక నలుపు కాదు, మూడు వరసలు మూడు నిలువులుగా తొమ్మిది గళ్ళు, ఒక్కో చోట నలుపులో కొంచెం ఎరుపు, ఇంకో చోట కొంచెం నీలం, ఇంకో చోట ఆకుపచ్చ కలిపాడు, అంత కొంచెం అంటే అంత కొంచెం. ఒకసారి దొరికిన శిలువ ఆకారం మీరు రెప్ప వేసి చూపు తిప్పితే మళ్ళీ మాయమైపోతుంది, మళ్ళీ మొదట్నుంచి వెతుక్కోవాలి. మెరుపు లేకుండా ఉండటానికి ఆయన రంగులోంచి నూనె చాలావరకు తీసేసేవాడు, అందుకే ఆ ఉపరితలం ముఖమల్ లాగా వెలుగుని మింగేస్తుంది, వేలు తగిలితే మచ్చ పడిపోతుంది, చాలా మ్యూజియంలలో దీనికి అడ్డంగా తాడో గట్టో పెట్టేది అందుకే.

ఇప్పుడు చెప్పండి, దీని అర్థం ఏంటి? నాకైతే ఆ టైంలో ఆ ప్రశ్నే గుర్తురాదు. నా కళ్ళు ఎలా పనిచేస్తున్నాయో నాకే తెలిసేలా చేసిన వస్తువు అది. దాని పని అదే. ఫొటోలో చూసి "నల్ల రంగు పూశాడు" అన్నవాడు అబద్ధం చెప్పట్లేదు, అతను పెయింటింగ్ చూడలేదు అంతే.

మా బావకి ఇలాంటివంటే అసలు పడదు. వృత్తిరీత్యా సివిల్ ఇంజినీర్, కంప్యూటర్లు రాకముందు చేత్తో డ్రాయింగులు గీసిన బ్యాచ్. ఒకసారి ఇద్దరం ఆగ్నెస్ మార్టిన్ పెయింటింగ్ ముందు నిలబడ్డాం. ఆరడుగుల చదరం కాన్వాస్, దూరం నుంచి చూస్తే లేత బూడిదరంగు, అక్కడక్కడా మంచు కమ్మినట్టు. "ప్రైమర్ కొట్టి పెయింటర్ పారిపోయినట్టుంది బావా" అన్నాడు. దగ్గరికి రమ్మన్నాను. దగ్గరికెళ్తే మొత్తం పెన్సిల్ గీతలే, అటు నుంచి ఇటు దాకా, ఒకదాని కింద ఒకటి, వందల గీతలు. మావాడు వంగి చూడ్డం మొదలుపెట్టాడు, గార్డు రెండుసార్లు వెనక్కి జరగమన్నా వినలేదు. "చిన్న స్కేలు జరుపుకుంటూ గీసినట్టుంది బావా, ఇదిగో ఇక్కడ అతుకు తెలుస్తోంది చూడు, ఇక్కడ పెన్సిల్ కాన్వాస్ నేత మీద ఎగిరింది, ఇక్కడ ఒత్తిడి తగ్గింది, మళ్ళీ పుంజుకుంది" అంటూ ఒక్కో గీత వెంట నడుచుకుంటూ పోయాడు. అర్థం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మళ్ళీ వెనక్కి వస్తే ఆ గీతలన్నీ కరిగిపోయి మంచు అయిపోయింది, అది కూడా గమనించి "ఓహో" అన్నాడు. నచ్చిందా అంటే నచ్చలేదట. కానీ పావుగంట చూశాడు. నా లెక్కలో అది పెద్ద విషయం, నచ్చిందని పైపైన తలూపి వెళ్ళిపోయే వాళ్ళ కంటే.

ఇక అందరూ అనేది, "మా పిల్లాడు కూడా వేస్తాడు". దీని మీద కూడా స్టడీ ఉంది. 2011లో బోస్టన్ కాలేజీ వాళ్ళు పేరున్న అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టుల పెయింటింగ్స్ కి చూపుకి దగ్గరగా ఉండే పిల్లల బొమ్మలు, కోతులు ఏనుగులు వేసిన బొమ్మలు జత కట్టి స్టూడెంట్స్ కి చూపించారు, ఏది బాగుంది ఏది మెరుగైన పని అని అడిగారు. కొన్నింటికి కావాలనే లేబుల్స్ తారుమారు చేశారు, ఆర్టిస్టుది కోతిది అని, కోతిది ఆర్టిస్టుదని. అయినా సరే ఆర్ట్ చదవని వాళ్ళు కూడా గుడ్డిగా బొమ్మాబొరుసు వేస్తే వచ్చేదానికంటే ఎక్కువసార్లు ఆర్టిస్టుల పనినే ఎంచుకున్నారు. ప్రతిసారీ కాదు, చాలాసార్లు తప్పారు కూడా. అంటే తేడా ఉంది, కంటికి అందుతుంది, కానీ అరిచి చెప్పేంత పెద్దగా ఉండదు. ఈ రిజల్ట్ నాకు నిజాయితీగా అనిపించింది, ఎందుకంటే నేనూ అలాగే చూస్తాను, కొన్ని పట్టుకుంటాను, కొన్ని జారిపోతాయి.

కానీ స్టడీ కంటే నాకు ఎక్కువ గుర్తుండిపోయేది బార్నెట్ న్యూమన్ ఎరుపు కథ. ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో ఆయన పెయింటింగ్ ఒకటి ఉంది, 'హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ రెడ్, యెల్లో అండ్ బ్లూ' సిరీస్ లో మూడోది, 5 మీటర్ల పైన వెడల్పు, ఎడమ అంచున నీలం పట్టీ, కుడి అంచున సన్నటి పసుపు, మిగతా మొత్తం ఎరుపు. గోడంత ఎరుపు. 1986లో ఒకతను కత్తి తెచ్చి దాన్ని అడ్డంగా కోసేశాడు. (పదకొండేళ్ళ తర్వాత అదే మనిషి మళ్ళీ దీని కోసమే వచ్చి, ఇది కనిపించక న్యూమన్ దే ఇంకో పెయింటింగ్ కోసి పోయాడు. ఏమీ లేని పెయింటింగ్ అని జనం అంటారు గానీ దీని మీద పగబట్టిన మనిషి కూడా ఉన్నాడు.) సరే, దాన్ని రిపేర్ కి పంపారు, నాలుగైదేళ్ళు పట్టి 1991లో తిరిగొచ్చింది. కోతలు కనబడట్లేదు. కానీ తెలిసినవాళ్ళు చూడగానే గొడవ మొదలుపెట్టారు, ఎరుపు చచ్చిపోయింది అని. ల్యాబ్ పరీక్ష చేయిస్తే ఎర్ర భాగం మీద రోలర్ తో వేరే రంగు కొట్టి, పైన వార్నిష్ పూసినట్టు తేలింది. రిపేర్ చేసినాయన ఒప్పుకోలేదు, కోర్టుల దాకా వెళ్ళింది.

దీని గురించి కాస్త ఆలోచించండి. ప్లెయిన్ ఎరుపు. ఎవరైనా కొట్టొచ్చు కదా. రంగుల పని బాగా తెలిసిన ప్రొఫెషనల్, ఒరిజినల్ కళ్ళముందే ఉంది, ఏళ్ళ టైం ఉంది, అయినా కుదరలేదు. న్యూమన్ ఎరుపులో పలచటి పొరల మీద పొరలు, లోపల్నుంచి వచ్చే ఒక కదలిక ఉండేదని పాతది చూసినవాళ్ళు అంటారు, రోలర్ తర్వాత అది గోడ అయిపోయింది. "ఇది నేనూ వేస్తాను" అనే మాటకి ఇంతకంటే ఖరీదైన టెస్ట్ ఎవరూ చేసి ఉండరు.

ఇక అర్థం దగ్గరికి వస్తే. మనకి అసలు ఈ విషయం చెవుల ద్వారా ఎప్పుడో తెలుసు. ఎవరైనా గాయకుడు రాగాలాపన చేస్తుంటే, సాహిత్యం లేదు, మాట లేదు, ఉత్త స్వరం అరగంట సాగుతుంది, ఎవరూ లేచి "ఇప్పుడు మీరు పాడినదాని అర్థం ఏంటండీ" అని అడగరు. నచ్చకపోతే నచ్చలేదంటారు, బోర్ కొడితే కునుకు తీస్తారు, అర్థం మాత్రం అడగరు. రంగూ గీతా కూడా అలా సొంతంగా నిలబడగలవు అనే ఆలోచనే రష్యన్ పెయింటర్ కాండిన్‌స్కీది, ఆయన రాతల్లో సంగీతం గోల ఊరికే రాలేదు. అబ్‌స్ట్రాక్ట్ వేసినవాళ్ళలో ఆయన పేరే ఫస్ట్ అని చాలాకాలం చెప్పుకున్నారు గానీ స్వీడన్ లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ 1906లోనే ఇలాంటివి మొదలుపెట్టింది, ఒక్క సిరీస్ లోనే 193 పెయింటింగ్స్, 1944లో పోతూ నేను పోయాక ఇరవై ఏళ్ళ దాకా వీటిని బయట చూపించొద్దు అంది. 2018లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ లో పెడితే జనం విరగబడి వచ్చారు. ఎవరు ఫస్ట్ అనేది నాకంత ముఖ్యం కాదు, కానీ చూసేవాళ్ళు ఇంకా లేరు అని తెలిసి కూడా పదేళ్ళ పాటు పనిచేసింది చూడండి, అది నాకు ఇష్టం.

చరిత్ర కొంచెం తెలిస్తే సాయం చేస్తుంది అని ఒప్పుకుంటాను. డచ్ పెయింటర్ మాండ్రియన్ ఎర్ర-పసుపు-నీలం డబ్బాలు మాత్రమే చూసినవాళ్ళకి అది టైల్స్ డిజైన్ లాగా ఉంటుంది. 1908 నుంచి 1912 దాకా ఆయన వేసిన చెట్లు వరసగా చూస్తే కథ మారిపోతుంది. మొదట మామూలు చెట్టు, ఎర్రగా మండుతూ, తర్వాత 1911లో బూడిదరంగు చెట్టు, కొమ్మలు వంపులైపోయి ఖాళీలు కూడా కొమ్మలంత బలంగా ఉంటాయి, ఆ తర్వాత చెట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి, వంపులూ అడ్డం నిలువు గీతలే మిగిలాయి. ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ వెళ్ళాడు. చివరి డబ్బాల్లో ఏమీ లేకపోవడం చేతకాక వచ్చింది కాదు.

మన దేశంలో చూడాలంటే గాయ్‌తోండే అనే పెయింటర్ ఉన్నాడు, రోలర్ తోనూ నైఫ్ తోనూ రంగు వేస్తూ తీస్తూ, నీళ్ళ అడుగున ఏదో కదిలినట్టుండే పెయింటింగ్స్, ఏడాదికి వేసేది కొద్దిపాటే, మిగతా టైం ఆలోచనే అనేవాడు. ఇంకొకరు నస్రీన్ మొహమ్మది, బరోడాలో పాఠాలు చెబుతూ కాగితం మీద ఇంకుతో పెన్సిల్ తో గీతలు గీసుకుంటూ బతికింది, పేర్లు పెట్టేది కాదు, చాలావాటి మీద తేదీలు కూడా ఉండవు. చివరి ఏళ్ళలో నరాల జబ్బు వచ్చి చెయ్యి మాట వినని పరిస్థితి, అయినా గీతలు మాత్రం కత్తితో కోసినట్టు ఉంటాయి. జబ్బు సంగతి తెలియకముందు కూడా ఆ గీతలు నన్ను ఆపేశాయి, కాబట్టి జాలితో అనట్లేదు.

జరీనా హష్మి వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ) ఒకటి సరిగ్గా అబ్‌స్ట్రాక్ట్ కీ కాన్సెప్చువల్ కీ మధ్య నిలబడుతుంది, అందుకే దాన్ని ఇక్కడికి తెచ్చాను. 2001లో చేసింది. తెల్ల కాగితం, దాని మీద పైనుంచి కిందికి వంకరటింకరగా ఒక లావు నల్ల గీత, చుట్టూ చిన్న చిన్న ఉలి మచ్చలు. పేరు చూడకుండా కాసేపు చూడండి, పగులు లాగా ఉంటుంది, ఏరు లాగా ఉంటుంది, కుట్లు వేసిన గాయం లాగా కూడా ఉంటుంది. పేరు 'డివైడింగ్ లైన్'. అది 1947లో మన దేశానికీ పాకిస్తాన్ కీ మధ్య గీసిన సరిహద్దు. ఆవిడ పుట్టింది అలీగఢ్ లో, తర్వాత ఆవిడ కుటుంబం పాకిస్తాన్ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ ఉలి మచ్చలు మళ్ళీ చూడండి. వుడ్‌కట్ లో నల్లగా పడాల్సింది చెక్కరు, దాన్ని వదిలేసి చుట్టూ ఉన్నదంతా చెక్కి తీసేస్తారు. అంటే ఆ గీత మిగలడానికి అటూ ఇటూ ఉన్న నేలంతా గీకి తీసేయాల్సి వచ్చింది. నేను ఇది గ్రహించిన రోజు చాలాసేపు ఇంకే బొమ్మా చూడలేకపోయాను. కన్ను చేయాల్సిన పని కన్ను చేసింది, పేరు చేయాల్సిన పని పేరు చేసింది, రెండూ కావాలి.

ఇక్కడ్నుంచి కాన్సెప్చువల్ వైపు వెళ్తే, కంటి వాటా తగ్గుతుంది, షరతుల వాటా పెరుగుతుంది.

డుషాంప్ 1917లో యూరినల్ పెట్టాడు అని అందరికీ తెలుసు. ఎక్కడ పెట్టాడు అనేది చాలామందికి తెలియదు, అసలు విషయం అదే. న్యూయార్క్ లో కొందరు ఆర్టిస్టులు కలిసి ఒక సంఘం పెట్టారు, జ్యూరీ ఉండదు, బహుమతులు ఉండవు, 6 డాలర్లు కట్టిన ఎవరి పని అయినా సరే ఎగ్జిబిషన్ లో పెడతాం అన్నారు. ఆ కమిటీలో డుషాంప్ కూడా ఉన్నాడు. షాపులో దొరికే పింగాణీ యూరినల్ మీద 'ఆర్. మట్' అని సంతకం పెట్టి, 6 డాలర్లు కట్టి, దొంగపేరుతో పంపించాడు. ఎవరి పనైనా పెడతాం అన్నవాళ్ళు గొడవపడి, చివరికి పెట్టలేదు. ఆయన రిజైన్ చేశాడు. ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో ఒకటి మిగిలింది, ఆ అసలు వస్తువు పోయింది, ఇప్పుడు మ్యూజియంలలో చూసేవి ఎక్కువగా 1964లో చేయించిన కాపీలు. అంటే మీరు ఆ పింగాణీ చుట్టూ తిరిగి వంపులు మెచ్చుకుంటే (మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు) పెద్దగా ఒరిగేదేం లేదు, "మీ రూల్ కి మీరే కట్టుబడతారా" అని అడిగిన ఒక ప్రశ్న అది, ఆ ప్రశ్న తగిలింది.

జపాన్ ఆర్టిస్ట్ ఆన్ కవారా నాకు ఇంకా ఇష్టం. 1966 జనవరి 4న మొదలుపెట్టి దాదాపు యాభై ఏళ్ళు ఏ రోజు వేస్తే ఆ రోజు తేదీనే పెయింటింగ్ గా వేశాడు. ఒక రంగు బ్యాక్‌గ్రౌండ్, పైన తెల్ల అక్షరాల్లో తేదీ, అంతే. ఏ దేశంలో ఉంటే ఆ దేశం తేదీ రాసే పద్ధతిలో. అర్ధరాత్రి లోపు పూర్తి కాకపోతే ఆ పెయింటింగ్ నాశనం చేసేయాలి, అదీ రూల్. ప్రతిరోజూ వేయలేదు, దాదాపు 3000 దాకా ఉన్నాయి. ఒకటి చూస్తే క్యాలెండర్ లో చింపిన కాగితం. కానీ అక్షరాలు ప్రింట్ కాదు, చేత్తో, నాలుగైదు కోటింగులు వేసి ఆరబెట్టి, అంచులు దిద్ది దిద్ది వేసినవి, పొద్దున మొదలుపెడితే ఆ రోజులో పెద్ద భాగం దానికే పోతుంది. కొన్నింటికి అట్టపెట్టెలు కూడా చేసి అందులో ఆ రోజు పేపర్ కటింగ్ పెట్టేవాడు. రూల్ తెలియకముందు అది తేదీ, రూల్ తెలిశాక ఒక మనిషి ఆ రోజుని దానికే ఖర్చు పెట్టేశాడు అని రుజువు. ఇదే మనిషి ఫ్రెండ్స్ కి "నేను ఇంకా బతికే ఉన్నాను" అని టెలిగ్రాంలు పంపేవాడు.

సోల్ లెవిట్ అయితే కుంచె కూడా పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. 1968 నుంచి ఈయన గోడ డ్రాయింగులు అంటే కాగితం మీద రాసిచ్చిన సూచనలే, ఇన్ని గీతలు, ఈ దిశలో, ఒకదానికొకటి తగలకుండా, అలా. వేసేది వేరే వాళ్ళు, షో అయిపోయాక గోడకి సున్నం కొట్టేస్తారు, మళ్ళీ ఇంకెక్కడో వేస్తారు. 2007లో ఆయన పోయాక 2008లో అమెరికాలో మాస్ మోకా మ్యూజియంలో 105 గోడ డ్రాయింగులు వేశారు, 2043 దాకా ఉంచుతారట. లెవిట్ ని తిట్టేవాళ్ళకి నా సలహా ఏంటంటే ఆ సూచనల్లో సులువైనది ఒకటి తీసుకుని మీ గోడ మీద కాకపోయినా ఒక పెద్ద షీట్ మీద వేయండి, 'తిన్నగా లేని, ఒకదాన్నొకటి తాకని గీతలు' అనే మాట వినడానికి ఎంత ఈజీగా ఉంటుందో, చేతికి వచ్చేసరికి ప్రతి గీతకీ ఎన్ని నిర్ణయాలు తీసుకోవాలో తెలుస్తుంది.

కానీ నన్ను పూర్తిగా ఈ వైపు తిప్పింది మాత్రం ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్. గది మూలలో చాక్లెట్ల కుప్ప, రంగురంగుల మెరిసే కాగితాల్లో చుట్టిన మామూలు చాక్లెట్లు. ఎవరైనా ఒకటి తీసుకోవచ్చు, తినొచ్చు. 1991 నాటి పని, పేరు 'అన్‌టైటిల్డ్', పక్కన బ్రాకెట్ లో 'లాస్ ఏంజెలెస్ లో రాస్ పోర్ట్రెయిట్' అని. రాస్ ఆయన ప్రియుడు, అదే ఏడాది ఎయిడ్స్ తో పోయాడు. కుప్పకి ఆర్టిస్ట్ రాసిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, సుమారు 79 కిలోలు, అది రాస్ ఆరోగ్యంగా ఉన్నప్పటి బరువు అని చాలామంది అనుకుంటారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కటీ తీసుకెళ్తుంటే ఆ కుప్ప తగ్గుతూ పోతుంది. మీరు కూడా ఒకటి తీశారు. నోట్లో తీపి ఉంది. అప్పుడు లేబుల్ చదివారనుకోండి. నోట్లో ఉన్నదాన్ని ఏం చేయాలో తెలియదు. తర్వాత మ్యూజియం వాళ్ళు కావాలనుకుంటే మళ్ళీ నింపొచ్చు, మళ్ళీ అంత బరువు అవుతుంది, ఇలా ఎన్నాళ్ళైనా. ఆర్టిస్ట్ కూడా 1996లో ఎయిడ్స్ తోనే పోయాడు, కుప్ప మాత్రం నిండుతూనే ఉంది.

ఇక్కడే పెద్ద అభ్యంతరం వస్తుంది, లేబుల్ చదివితే గానీ అర్థం కానిది ఆర్ట్ ఎలా అవుతుంది అని. న్యాయమైన ప్రశ్నే. 2022లో ఈ చాక్లెట్ల పనికే చికాగోలో లేబుల్ మార్చారు, రాస్ ఎవరో చెప్పకుండా, ఎయిడ్స్ మాట లేకుండా బరువు గురించి రాశారు, జనం గట్టిగా అడిగేసరికి మళ్ళీ మార్చి రాశారు. కుప్ప అదే, చాక్లెట్లు అవే, అయినా జనం ఏదో దొంగిలించినట్టు ఫీలయ్యారు. అంటే ఇలాంటి పనిలో ఆ సమాచారం పక్కన అంటించిన చీటీ కాదు, పనిలో భాగం. పాత ఆర్ట్ కూడా అంతే కదా, పురాణం తెలియనివాడికి గోడమీద దశావతారాల్లో చేప, తాబేలు, పంది మాత్రమే కనిపిస్తాయి. కథ మనకి ముందే తెలుసు కాబట్టి లేబుల్ అక్కర్లేదు అనుకుంటాం.

అలాగని లేబుల్స్ రాసేవాళ్ళని వెనకేసుకు రావట్లేదు. గ్యాలరీ గోడల మీద రాసే చాలా రాతలు చదివితే నాకే ఒళ్ళు మండుతుంది, "స్థలకాలాల మధ్య ఉద్రిక్తతని ప్రశ్నిస్తుంది" టైపు. ఏం ప్రశ్నించింది, ఎలా ప్రశ్నించింది, ఎవరిని? చెప్పరు. నా పద్ధతి ఏంటంటే లేబుల్ లో వస్తువు దేనితో చేశారు, ఏ ఏడాది, ఎక్కడ, రూల్ ఏంటి, ఇవి మాత్రం ఏరుకుంటాను, విశేషణాలు వదిలేస్తాను. అబ్‌స్ట్రాక్ట్ దగ్గరైతే లేబుల్ చివర్లో చదువుతాను, కాన్సెప్చువల్ దగ్గరైతే మధ్యలో.

ఎక్స్‌పర్ట్స్ కి అన్నీ తెలుసు అనుకుని భయపడాల్సిన పని కూడా లేదు. మాండ్రియన్ రంగు టేపులు అంటించి 1941లో చేసిన 'న్యూయార్క్ సిటీ 1' అనేది డెబ్బై ఏళ్ళకి పైగా తలకిందులుగా వేలాడింది, 2022లో జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియం క్యూరేటర్ బయటపెట్టింది. 1944 నాటి మ్యాగజైన్ లో ఆయన స్టూడియో ఫొటోలో అది రెండో వైపు నిలబడి ఉంది. ఇప్పుడు తిప్పితే పాత టేపులు ఊడొస్తాయని అలాగే తలకిందులుగా ఉంచేశారు. దీన్ని చూపించి "చూశావా, ఎటు పెట్టినా ఒకటే" అని నవ్వేవాళ్ళున్నారు. నేనూ నవ్వాను. కానీ రెండు వైపులా ఫొటో తిప్పి చూడండి, టేపులు దగ్గరగా గుమిగూడిన వైపు పైకి వస్తే ఆకాశంలా బరువు మారుతుంది, కిందికి వస్తే నేలలా ఆనుతుంది. ఒకటే కాదు.

నచ్చనివి చెప్పమంటే, గోడకి టేపుతో అరటిపండు అంటించిన కాటెలాన్ పని. 2019లో లక్షా ఇరవై వేల డాలర్లు, 2024 వేలంలో 62 లక్షల డాలర్లు. కొన్నవాడికి దక్కేది సర్టిఫికెట్, ఎలా అంటించాలో సూచనలు. రూల్ చదివాను, కథ చదివాను, డుషాంప్ తో పోల్చి రాసినవి చదివాను. జోక్ బాగుంది, ఒకసారి నవ్వొస్తుంది, రెండోసారికి దాని రేటు గురించి తప్ప మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు నాకు. ఇంతా చూశాక నచ్చలేదు అనడానికి నాకు మొహమాటం లేదు. మీకు రోత్కో నచ్చకపోయినా అంతే, ఒక పావుగంట ఇచ్చి చూసి నచ్చలేదంటే ఎవరూ కాదనరు.

దాంతో పోలిస్తే మియర్ల్ లేడర్మన్ యూకెలీస్ పని చూడండి, వేలాడదీయడానికి అరటిపండు కూడా లేదు. తల్లి అయ్యాక రోజంతా శుభ్రం చేయడం, సర్దడం, మళ్ళీ శుభ్రం చేయడమే పనైపోయి, ఇదే నా ఆర్ట్ అని 1969లో ఒక మేనిఫెస్టో రాసింది. 1979-80లో న్యూయార్క్ సిటీలో చెత్త ఎత్తే 8,500 మంది కార్మికుల దగ్గరికీ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఈ ఊరిని బతికిస్తున్నందుకు థాంక్యూ అని చెప్పింది. నెలల తరబడి, వాళ్ళ షిఫ్టుల టైమింగ్స్ లోనే, తెల్లారకముందు కూడా. మిగిలినవి కొన్ని ఫొటోలు, మ్యాపులు, కాగితాలు. ఇది ఆర్టా, సోషల్ వర్కా అని అడుగుతారు, నాకైతే ఎనిమిది వేల ఐదొందలు అనే సంఖ్య దగ్గరే సమాధానం ఉంది, పదిమందికి ఇస్తే అది ఫొటో కోసం, అందరికీ ఇస్తే వేరే. 1977 నుంచి ఆ శానిటేషన్ డిపార్ట్‌మెంట్ లో ఆవిడ ఆర్టిస్ట్-ఇన్-రెసిడెన్స్, అంటే ఆ డిపార్ట్‌మెంట్ తో కలిసి పనిచేసే ఆర్టిస్ట్, జీతం లేదు. అరటిపండు రేటు గురించి ఎవరైనా ఫార్వర్డ్ పంపితే నేను తిరిగి ఈవిడ ఫొటో పంపుతుంటాను, మా బావ ఒక్కడే "ఈవిడెవరు?" అని అడిగాడు.